వెర్లీన్ గడ్డిమడి

వెర్లీన్ స్టాకార్డ్ మా ట్రావిక్ కాలేజీకి ఆటగాళ్ల బట్టలు ఉతకడానికి వచ్చింది. అది 1971. నేను అప్పటికే రెండేళ్లుగా మా అమెరికా ఫుట్‌బాల్ జట్టు బస్సు నడుపుతున్నాను. ఆమెకు ముప్పై దాటి ఒకటో రెండో ఉంటాయి. పొడగరి, గట్టి మనిషి, మాట తక్కువ. ఆట గురించి ఆమెకు బొత్తిగా తెలియదు. బంతి చంకలో పెట్టుకుని పరుగెత్తే ఒక్కడి మీద అంతమంది పడి ఎందుకు తొక్కుతారని నన్ను ఒకసారి అడిగింది. నాకు తెలిసినంత చెప్పాను. అంతా విని, "సరేలే ఆర్లిస్, ఎవరు గెలిచినా ప్యాంట్లు నా దగ్గరికే కదా వచ్చేది" అంది.

ఆట తెలియదు గానీ గడ్డి మాత్రం ఆమెకు బాగా తెలుసు. వాళ్ల నాన్న డెల్ఫోర్డ్ ఊరి అవతల, నది పక్క నేలలో పచ్చిక పెంచి, దాన్ని వేర్లతో సహా కోసి, చాపల్లా చుట్టి అమ్మేవాడు. ఆమె పాకింది, నడిచింది ఆ పచ్చిక మీదే. ప్యాంట్ల మోకాళ్ల దగ్గర మరకలు చూసి జట్టు ఏ వైపు వెళ్లి ఆడి వచ్చిందో చెప్పేసేది. ఇది గరిక, దీన్ని వదిలించడం తేలిక. ఇది చలిప్రాంతపు గడ్డి, కొండలవైపు వెళ్లినట్టున్నారు. ఒక సోమవారం ఒక కుర్రాడి ప్యాంటు వెలుతురులోకి ఎత్తి చూసి, ఇతను ఆడలేదు, బెంచీ మీంచి జారిపడ్డాడు అంది. ఆ మాట నిజమే. పాపం, ఆ కుర్రాడికి ఆ ఏడాదంతా అదే పేరు.

మా జట్టు పేరు కొంగలు. కాలేజీ వెనక చిత్తడినేలలో కొంగలెక్కువ, అందుకని ఎప్పుడో ఎవరో పెట్టారు. ఇలాంటి పేరుతో పొరుగూళ్లు వెళ్లి ఆడటం ఎంత కష్టమో బస్సు నడిపిన నాకు తెలుసు. మేము దిగుతుంటే గేటు దగ్గర నిలబడి, చెరువు అటుందని దారి చూపించేవాళ్లు. మర్చిసన్ వాళ్లయితే మరీను. వాళ్ల జట్టు పేరు ఆబోతులు. వాళ్ల ఊళ్లో మేము పంతొమ్మిదేళ్లుగా గెలవలేదు.

1974లో గెలిచాము. పదికి ఏడు. ఆ వారం మా ఊరి పేపరే నలభై పాయింట్ల తేడాతో ఓడిపోతామని రాసింది. ఆట అయ్యాక మా కెప్టెన్ డెవిట్ లార్కీ సంబరం పట్టలేక మైదానం మధ్యలోకి పరుగెత్తి, గడ్డిని గుప్పెట్లతో పీకి, హెల్మెట్ నిండా మట్టితో సహా నింపుకుని బస్సెక్కాడు. వాళ్ల మైదానం చూసుకునే ముసలాయన దంతెతో బస్సు దాకా తరుముకొచ్చాడు. నేను తలుపు మూసేసి బయల్దేరాను.

సోమవారం లార్కీ ఆ హెల్మెట్‌ని బట్టలు ఉతికే గదిలో వెర్లీన్ ముందు పెట్టి, దీన్ని కూడా ఉతికిపెట్టమని వేళాకోళం ఆడాడు. ఆమె నవ్వలేదు. గడ్డిని వేళ్లతో విడదీసి చూసింది.

"పంది తవ్వినట్టు తవ్వావేంటి? సగం వేర్లు అక్కడే వదిలేశావు."

"గెలిచాం కదా, మిస్ వెర్లీన్."

"గెలిస్తే నువ్వు గెలిచావు. ఇదేం చేసింది?"

ఆమె దాన్ని గది వెనక, నీళ్ల గొట్టం అందేచోట నాటింది. రెండు వారాలు పసుపుపచ్చగా వేలాడి, తర్వాత లేచింది. అప్పటి మా కోచ్ టీగ్ పెద్దాయన. ఒకరోజు అటు వెళ్తూ దాన్ని చూశాడు. మర్నాడు ఒక చదునైన రాయి తెచ్చి పక్కన పాతాడు. దాని మీద ఊరి పేరు, 10–7, తేదీ. మడి అలా మొదలైంది.

తర్వాత వాళ్లిద్దరూ కూర్చుని నియమాలు పెట్టుకున్నారు. సొంత మైదానంలో గెలుపు లెక్కలోకి రాదు. పొరుగూళ్లో గెలిచినా, గెలుస్తారని అందరూ అనుకున్నదైతే రాదు. ఓడిపోయి వస్తారని ఊరంతా అనుకున్నప్పుడు గెలిచిరావాలి. అప్పుడే కెప్టెన్ అరచేతి వెడల్పు పచ్చిక కోసుకుని రావచ్చు. ఇవి టీగ్ నియమాలు. వెర్లీన్ నియమం ఒక్కటే. పొరుగువాళ్ల మైదానంలో గుంట వదిలి రాకూడదు.

అందుకోసం ఆమె ఒక కాన్వాస్ సంచి కుట్టింది. అందులో పొట్టి చాకు, తడిపిన గోనెగుడ్డ, మా మైదానంలోంచి కోసిన అరచేతంత గరిక ముక్క. గెలిస్తే కెప్టెన్ వాళ్ల ముక్క కోసి, ఆ గుంటలో మాది పెట్టి, మడమతో అదిమి, నీళ్లు పోసి, అప్పుడు సంబరాల్లో చేరాలి. కుర్రాళ్లు మొదట్లో గొణిగారు. అందరూ ఎగురుతుంటే మేము తోటపని చేయాలా అన్నారు. ఆమె పట్టించుకోలేదు. ప్రతి ఆగస్టులో కొత్త కెప్టెన్‌ని మోకాళ్ల మీద కూర్చోబెట్టి, నాలుగు వేళ్ల లోతున ఎలా కోయాలో, వేరు తెగకుండా చాకుని ఎలా వాల్చి పట్టుకోవాలో నేర్పించేది. వంద కిలోలు దాటిన మనుషులు నాలుక బయటపెట్టి, చిన్నపిల్లలు అక్షరాలు దిద్దినట్టు గడ్డి కోయడం నేను చూశాను.

సంచి బస్సులో నా సీటు కిందే ఉండేది. ఎక్కువసార్లు ముట్టుకోకుండానే తిరిగొచ్చేది. ఓడిపోయి వచ్చిన మర్నాడు నేను దాన్ని ఆమెకిస్తే ఆమె ఏమీ అడిగేది కాదు. అందులోని గరిక ముక్కని తీసుకెళ్లి మళ్లీ దాని చోట పెట్టేసేది.

1998 నాటికి మడిలో పదకొండు ముక్కలున్నాయి. దూరం నుంచి చూస్తే అతుకుల బొంతలా కనబడేది, ఒక్కో ముక్క ఒక్కో పచ్చదనం. చూడ్డానికి తేలికే గానీ నిలబెట్టడం కష్టం. గరిక ఊరుకోదు, పక్కవాటి మీదకి పాకుతుంది. అందుకని ప్రతి ముక్క చుట్టూ నేలలోకి రేకు దించింది. చలిప్రాంతపు గడ్డికి మా జార్జియా ఎండలు పడవు. జులై, ఆగస్టుల్లో దాని మీద వల కట్టి, రోజుకి మూడుసార్లు నీళ్లు చల్లేది. ఇదంతా బట్టల పని అయ్యాక. ఆ పని చేయమని ఆమెకు ఎవరూ చెప్పలేదు, చేస్తున్నందుకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఇవ్వాలని ఆమె అడగనూ లేదు.

ఆ ఏడాది అక్టోబర్‌లో మేము కల్వర్ రిడ్జ్ వెళ్లాము. ఉత్తరాన, కొండల్లో, ఆరుగంటల దూరం. వాళ్లు ఆ ఏడాది ఒక్క ఆటా ఓడలేదు. టీగ్ ఎప్పుడో రిటైరయ్యాడు. అప్పటి కోచ్ హాస్క్యూ, నలభై నిండని మనిషి. పెద్ద యూనివర్సిటీకి వెళ్లాలని ఉన్నవాడు, ఆ సంగతి దాచుకునేవాడు కాదు. కెప్టెన్ పేరు టోబయాస్ రెన్‌ఫ్రో. రైతుల ఇంటి అబ్బాయి. సన్నగా, వేగంగా ఉండేవాడు, బంతి అందుకోవడంలో మావాళ్లలో వాడే మేటి. బస్సెక్కేటప్పుడు, దిగేటప్పుడు నాకు తప్పకుండా థాంక్స్ చెప్పేవాడు.

ఆట చివరి ఆరు సెకన్లకి వచ్చేసరికి వాళ్లు ఇరవై, మేము పద్నాలుగు. మావాడు ఇరవై గజాల నుంచి బంతిని మైదానం మూలకి విసిరాడు. రెన్‌ఫ్రో పూర్తిగా గాల్లో పడుకుని అందుకున్నాడు, గీత అవతల పడ్డాడు. రిఫరీ రెండు చేతులూ ఎత్తాడు: బంతి నేల తాకకుండా అందింది, ఆరు పాయింట్లు. ఆ వెంటనే బంతి తన్ని ఇంకో పాయింటు. ఇరవై ఒకటికి ఇరవై. మాలాంటి చిన్న కాలేజీల ఆటలకి వీడియోలు చూసి తేల్చడాలు అప్పుడు లేవు. రిఫరీ చెయ్యెత్తితే అయిపోయినట్టే.

తిరుగు ప్రయాణంలో బస్సంతా పాటలు. రెన్‌ఫ్రో మాత్రం నా వెనక సీట్లో సంచి ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఒంట్లో బాలేదా అన్నాను. బానే ఉందండీ అన్నాడు. ఆ మూలలోనే, తాను పడిన చోటే ముక్క కోశాడు. గుంట పూడ్చాడు, నీళ్లు పోశాడు. అన్నీ ఆమె నేర్పినట్టే చేశాడు.

తర్వాత జరిగింది నాకు చాన్నాళ్లకి రెన్‌ఫ్రో చెప్పాడు, వెర్లీన్ ఎదురుగానే. ఒక్క చిన్న సంగతి తప్ప ఆమె ఏదీ కాదనలేదు.

ఆదివారం చర్చి అయ్యాక వెర్లీన్ నీళ్లు పోయడానికి మడి దగ్గరికి వచ్చింది. రెన్‌ఫ్రో అప్పటికే అక్కడున్నాడు, ఇస్త్రీ చొక్కా, చేతిలో సంచి. ఆమె ముక్క తీసి తిరగేసి చూసి, బాగా కోశావని మెచ్చుకుంది. ఆమె మెచ్చుకోవడం అరుదు. ఆ మాట విన్నాక వాడు మడి అంచున కూర్చున్నాడు.

"మిస్ వెర్లీన్, బంతి నేను పట్టుకోలేదు. ముందు నేలకి తగిలింది. తగిలి లేచాక చేతుల్లోకి వచ్చింది."

ఆమె ముక్కని గోనెగుడ్డ మీద పెట్టింది.

"రిఫరీకి చెప్పాలనుకున్నా. లేచేలోపే అందరూ మీద పడ్డారు. మళ్లీ లేచేసరికి అంతా అయిపోయింది. ఎవరూ చూడలేదు."

"నువ్వు చూశావుగా."

ఆమె తొందరపెట్టలేదు, పక్కనున్న రెండు ముక్కలకి నీళ్లు పోసి వచ్చింది.

"ఇప్పుడు నన్నేం చేయమంటారు?"

"అది నేను చెప్పేది కాదు బాబూ. నువ్వు చెప్పింది విన్నాను. ఇంకెవరికీ చెప్పను. గడ్డికేం, బతికే ఉంది. దాన్ని పళ్లెంలో పెట్టి నీళ్లు పోస్తాను. మడిలో మాత్రం పెట్టను."

"కోచ్ అడిగితే?"

"అడుగుతాడు. అది నా గొడవ."

శుక్రవారం మధ్యాహ్నం ముక్కని నాటే సభ. కాలేజీ ప్రెసిడెంట్ వస్తున్నాడు, పాత ఆటగాళ్లు వస్తున్నారు. రాయి అప్పటికే చెక్కించారు. మంగళవారం హాస్క్యూ వచ్చి చూస్తే గడ్డి ఇంకా ఇంట్లో రొట్టె కాల్చుకునే పళ్లెంలో ఉంది. ఎందుకని అడిగితే, ఇంకా సిద్ధం కాలేదంది వెర్లీన్.

"గడ్డి సిద్ధం కావడమేంటండీ?"

"కొన్ని తొందరగా అవుతాయి. కొన్నిటికి టైమ్ పడుతుంది."

అతను బుధవారం మళ్లీ వచ్చాడు. ఈసారి నవ్వు లేదు. బట్టలు ఉతకడం బయటి కంపెనీకి ఇచ్చేద్దామని కాలేజీలో ఎప్పట్నుంచో అంటున్నారనీ, ఇన్నాళ్లూ తానే అడ్డుపడ్డాననీ గుర్తుచేశాడు. ఆమె మడతపెడుతున్న తువ్వాలు మడతపెట్టడం ఆపకుండా, అలాగే అంది. ఇరవై ఏడేళ్ల పని ఆమెది. భర్త పోయి మూడేళ్లు. ఆ పని కాక ఆమెకు ఇంకో ఆధారం లేదు. ఒక్క మాట చెబితే ఆ బరువు ఆమె మీంచి దిగిపోయేది. చెప్పలేదు.

గురువారం నేనే వెళ్లాను. ఊళ్లో అందరూ నీకు మతి చలించిందంటున్నారు, అసలు సంగతేంటో నాకన్నా చెప్పమన్నాను.

"ఆర్లిస్, దారిలో నువ్వు ఒక్కోసారి బస్సు ఆపుతావు. ఎందుకాపావని నేనెప్పుడైనా అడిగానా?"

"నువ్వు బస్సే ఎక్కవు కదా."

"ఎక్కినా అడగను" అంది. నేను నోరు మూసుకుని వచ్చేశాను.

శుక్రవారం మడి చుట్టూ రెండు వందల మంది దాకా ఉన్నారు. బ్యాండు వాయించారు. మడిలో పన్నెండో చోట గుంట తవ్వి ఉంది. వెర్లీన్ చర్చికి వేసుకునే నీలం గౌను వేసుకుని, ఖాళీ చేతులతో వచ్చి నిలబడింది. ప్రెసిడెంట్ చేతిలో కాగితం పట్టుకుని అటూ ఇటూ చూస్తున్నాడు. హాస్క్యూ మైకు తీసుకున్నాడు. గెలుపు గురించి కాసేపు బాగానే మాట్లాడాడు. ఆ తర్వాత, మన మిస్ వెర్లీన్‌కి వయసు మీదపడిందనీ, ఈసారి ఎందుకో మొండికేసిందనీ, గడ్డిని ఇంట్లో దాచుకుందనీ, బహుశా సలాడ్ చేసుకుంటుందేమోననీ అన్నాడు. జనం నవ్వారు. ఆమె ముందుకే చూస్తూ నిలబడింది. మెడ మాత్రం ఎర్రబడింది.

ఆటగాళ్ల వరసలోంచి రెన్‌ఫ్రో ముందుకొచ్చాడు. మైకు అడగలేదు. అడగకపోయినా వినబడింది.

"ఆమెను ఏమీ అనకండి కోచ్. నేను బంతి పట్టుకోలేదు. నేల తాకాక పట్టుకున్నాను. ఆదివారమే ఆమెకు చెప్పాను. మీకు చెప్పడానికి ధైర్యం చాల్లేదు. ఇప్పుడు చెప్తున్నాను."

చిత్తడి వైపు నుంచి కొంగల అరుపులు వినబడుతున్నాయి. వరసలోంచి ఎవరో, "నోరు మూసుకుని ఉంటే సరిపోయేది కదరా" అన్నారు, మరీ గట్టిగా కాదు. ప్రెసిడెంట్ కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. హాస్క్యూ మైకు కింద పెట్టి మైదానం వైపు నడిచి వెళ్లిపోయాడు. జనం ఒక్కొక్కరే జారుకున్నారు. చివరికి నేను, వాడు, ఆమె మిగిలాము. ఆమె వాడి దగ్గరికి వెళ్లి, చొక్కా కాలర్ మడత సరిచేసి, "రేపు ఆటుంది, వెళ్లి తిను" అంది.

మర్నాడు కోచ్ వాడిని బెంచీ మీద కూర్చోబెట్టాడు. సొంత మైదానంలో ఓడిపోయాము. తర్వాత మూడు వారాలు జట్టులో సగంమంది వాడితో మాట్లాడలేదు. గదిలోకి వస్తే, పాస్టరుగారు వచ్చారు, బూతులు ఆపండిరా అనేవాళ్లు. మంగలిషాపులో పెద్దవాళ్లు కూడా, ఆటన్నాక రిఫరీ మాటే మాట, ఈ కుర్రాడికెందుకు ఈ గోల అని వాదించుకున్నారు. వాడు కల్వర్ రిడ్జ్ కోచ్‌కి ఉత్తరం రాశాడు. జవాబు రెండు వాక్యాలు. రికార్డుల్లో గెలుపు మీదే ఉంటుంది, ఇరవై గజాల దగ్గర మిమ్మల్ని ఆపలేకపోవడం మా తప్పే. నువ్వు రాసినందుకు సంతోషం.

గడ్డి మాత్రం వెర్లీన్ పళ్లెంలోనే ఉంది. నవంబర్ మొదటి వారంలో ఆమె నా దగ్గరికి వచ్చి, ఆదివారం నీ ట్రక్కు ఖాళీయేనా అని అడిగింది. ఎక్కడికన్నాను. దీన్ని ఇంటికి పంపాలి అంది. ఆమె చర్చి మానడం నేను అంతకుముందు ఎరగను.

ముగ్గురం వెళ్లాము. ఆమె కిటికీ పక్క, ఒళ్లో తడిగుడ్డ కప్పిన పళ్లెం. మధ్యలో రెన్‌ఫ్రో, మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుని. కాళ్ల దగ్గర వేయించిన కోడి, బిస్కెట్లు, ఉడకబెట్టిన వేరుశనగలు ఉన్న బుట్ట. రెండుగంటల ప్రయాణం అయ్యాక వాడు ఆ ఆదివారం సంగతంతా నాకు చెప్పాడు. ఆమె, వాడు చెబుతున్నది తన గురించి కాదన్నట్టు దారిపక్క పొలాలు చూస్తూ కూర్చుంది. ఒకచోట మాత్రం, నేను ఇద్దరికి కాదు, ముగ్గురికి నీళ్లు పోశాను అని వాడిని సరిదిద్దింది. ముక్కల సంగతి.

కల్వర్ రిడ్జ్ గేటు దగ్గర వాళ్ల మైదానం చూసుకునే మనిషి నిలబడి ఉన్నాడు. లైల్ గాంట్ అని, యాభై దాటినవాడు, ఎర్రటోపీ. ఆమె ముందే ఫోన్ చేసింది. ఎవరో ఆటపట్టిస్తున్నారనుకున్నాడట, నిజంగా వస్తారని అనుకోలేదట.

మూలకి వెళ్లాము. వెతకాల్సిన పని లేకపోయింది. చుట్టూ వాళ్ల గడ్డి పచ్చగా ఉంది, మధ్యలో మా గరిక ముక్క గోధుమరంగులో, పచ్చచొక్కాకి వేసిన వేరే రంగు అతుకులా ఉంది.

"మీది చచ్చినట్టుందమ్మా" అన్నాడు గాంట్.

"చావలేదు. చలికి పడుకుంది. గరిక అంతే." ఆమె మోకాళ్ల మీద కూర్చుని, చాకుతో చుట్టూ గీసి, ముక్కని మెల్లగా పైకి తీసి తిరగేసి చూపించింది. కింద తెల్లటి కొత్తవేర్లు వేలెడు పొడవున ఉన్నాయి.

ఆయన కాసేపు చూసి, రెండూ ఎవరి చోట అవి బతుకుతున్నాయి, ఇప్పుడెందుకు కదపడం, అలాగే ఉండనివ్వొచ్చు కదా అన్నాడు. నాకూ అదే అనిపించింది.

"మీది తీసుకున్నాం కాబట్టి మాది ఇచ్చాం" అంది వెర్లీన్. "తీసుకోకూడనిది తీసుకున్నాం. మరి ఇది మీ దగ్గరెందుకుండాలి?"

ఆమె గుంట అంచులు సరిచేసి, పళ్లెంలోని ముక్కని అందులో దించింది. నాలుగు వారాలు మా ఊరి ఎండలో, పళ్లెంలో బతికిన గడ్డి అది. ఒక్క పోచ వాడలేదు. రెన్‌ఫ్రోని పిలిచి మడమతో అదమమంది. వాడు అదిమాడు. నీళ్లు వాడే పోశాడు. చూస్తుండగానే అతుకు ఎక్కడో తెలియకుండా పోయింది.

గాంట్ వాడి వైపు తిరిగి, నువ్వేనా ఆ అబ్బాయివి అన్నాడు. వాడు తలూపాడు.

"ఆ రోజు నేను ఇక్కడే ఉన్నా, పదడుగుల్లో. బంతి నేలకి తగలడం నా కళ్లతో చూశా. మా కోచ్‌కి చెప్పా, విన్లేదు. రిఫరీకి చెప్తే పొమ్మన్నాడు. ఇంటికెళ్లి మా ఆవిడకి చెప్తే, ఓడిపోయినవాళ్లందరూ ఇలాగే అంటారు, పడుకో అంది." ఆయన టోపీ తీసి తల రుద్దుకున్నాడు. "నాలుగు వారాలుగా నాకే అనుమానం వస్తోంది, నిజంగా చూశానా లేదా అని."

"చూశారండీ" అన్నాడు రెన్‌ఫ్రో.

"మా ఇల్లు ఇక్కడే, రెండు వీధుల అవతల. ఒక్కసారి వచ్చి ఆ మాట మా ఆవిడతో చెప్తావా?"

వెళ్లాము. వాడు వాళ్ల వంటింట్లో నిలబడి చెప్పాడు. ఆవిడ భర్త వైపు చూసి, అయితే సారీ అని, మా అందరికీ కాఫీ, యాపిల్ కేకు పెట్టింది. తిరుగుదారిలో రెన్‌ఫ్రో బుట్టలోని కోడి మొత్తం ఒక్కడే తిన్నాడు. ఆ ఆట తర్వాత వాడు కడుపునిండా తినడం అదే మొదటిసారని నాకు అనిపించింది. వెర్లీన్ ఎముకలు ఏరి కాగితంలో చుట్టింది. వెనక్కి తెచ్చిన గరిక ముక్కని సోమవారం మా మైదానంలో దాని చోట పెట్టేసింది. 21–20 అని చెక్కిన రాయిని మాత్రం పారేయలేదు. బట్టల గది తలుపు గాలికి కొట్టుకోకుండా బోర్లా అడ్డుపెట్టింది.

రెన్‌ఫ్రో వసంతంలో డిగ్రీ పుచ్చుకుని వెళ్లాడు. ఇప్పుడు వాల్డోస్టా దగ్గర ఇళ్ల కప్పులు వేసే పని చేయిస్తున్నాడు. వాడితో మాట్లాడని ఆటగాళ్లలో ముగ్గురు వాడి దగ్గరే పనిచేస్తున్నారు. హాస్క్యూ రెండేళ్లకి కోరుకున్నట్టే పెద్దచోటికి వెళ్లాడు. వెళ్లేముందు వెర్లీన్ గదికి వెళ్లి పావుగంట కూర్చున్నాడట. ఏం మాట్లాడుకున్నారో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. బట్టల పని 2001లో నిజంగానే బయటి కంపెనీకి వెళ్లిపోయింది. కొత్త కోచ్ ఆమెను మడి కోసం, మైదానం కోసం ఉండమన్నాడు. అరవై రెండేళ్ల వయసులో, జీవితంలో మొదటిసారి, గడ్డి చూడటమే ఆమె ఉద్యోగమైంది. ఆ ఏడాది మా మైదానం ఎలా ఉందంటే, దాని మీద ఆడటానికి కుర్రాళ్లు మొహమాటపడ్డారు.

2006లో హేవెన్‌హర్స్ట్‌లో గెలిచాము, పదిహేడుకి పదమూడు. అక్కడ అప్పటికే గడ్డి తీసేసి ప్లాస్టిక్ పచ్చిక పరిచారు. కెప్టెన్ చాకు పట్టుకుని మైదానం మధ్యలో దిక్కులు చూస్తుంటే, వాళ్ల మనిషే జాలిపడి, స్టోరులో మిగిలిన చుట్టలోంచి ఒక ముక్క కత్తిరించి ఇచ్చాడు. మా గరికని ఎక్కడ పెట్టాలో తెలియక గేటు దగ్గర పూలమొక్కల మధ్య నాటి వచ్చాడు. వెర్లీన్ ఆ ముక్కని తిరగేసి, వేర్లు ఏవీ అంది. ఇది మడిలో పెట్టడమేంటని పాత ఆటగాళ్లు కొందరు అభ్యంతరం చెప్పారు. ఆమె కెప్టెన్‌ని రెండే ప్రశ్నలడిగింది. ఓడిపోతారనే అందరూ అన్నారా? గెలుపు నిజమేనా? రెండింటికీ అవునన్నాడు. అయితే ఇంక మాట్లాడేదేముంది అని, మిగతావాటికి చేసినట్టే చుట్టూ రేకు దించి, పక్కన రాయి పాతించింది.

2011 ఫిబ్రవరిలో ఆమె పోయింది, డెబ్బై రెండేళ్లకి, నాలుగు రోజుల జ్వరంతో. అంతకుముందు శరత్కాలంలో ఒక ఉదయం నేను మడివైపు వెళ్లాను. ఆమె ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో నీళ్ల క్యాను. ఒక్కో ముక్క దగ్గర ఆగి, వంగి చూసి, పోస్తోంది. ప్లాస్టిక్ ముక్క దగ్గరికి వచ్చి దానికీ పోసింది, మిగతావాటికి పోసినన్ని.

"దానికి నీళ్లెందుకు వెర్లీన్?"

"పక్కవాటన్నిటికీ పోస్తూ దీన్నొక్కదాన్ని వదిలేస్తే ఏం బాగుంటుంది" అని, కర్ర ముందుకేసి తర్వాతి ముక్క దగ్గరికి వెళ్లింది.